ఆగిన బండికి ఆయువు పోసే శాస్త్రం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరీపేట వీధుల్లోకి వచ్చింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇళ్ల ముందు నిలిపిన మోటారు సైకిళ్లు హ్యాండిళ్ల దాకా మునిగి, రోజుల తరబడి ఆ బురదనీళ్లలోనే ఉండిపోయాయి. నీళ్లు తీశాక మెకానిక్ షాపుల ముందు బండ్లు బారులు తీరాయి. అక్కడ నిలబడి చూసినవాళ్లకు ఒక సంగతి తట్టే ఉంటుంది. నిన్నటిదాకా నడిచి నీళ్లలో మునిగిన కొత్త బండికీ, ఇరవై ఏళ్లుగా పశువుల పాకలో పడివున్న పాత బుల్లెట్టుకూ పట్టిన జబ్బు ఒకటే. వరద నాలుగు రోజుల్లో చేసిన పనిని డెల్టా గాలి ఏళ్ల తరబడి నిదానంగా చేస్తుంది.

నాకు పాత మోటారు సైకిళ్లంటే ప్రాణం. వాటిని విప్పడం, బాగుచేయించడం, బాగయ్యాక కరకట్ట మీద నడపడం అన్నీ ఇష్టమే. ఆ సావాసంలో గట్టిగా తెలిసింది ఏమిటంటే, మన వైపు బండి తిరిగి అరిగిపోయేది తక్కువ, ఆగి చెడిపోయేది ఎక్కువ. అరుగుదలకు విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ ఉంది, ఓవర్‌సైజు పిస్టన్ ఉంది. ఆగినందువల్ల వచ్చే చెడుపు అలా కాదు. అది లోలోపల, ఒకేసారి పది చోట్ల మొదలవుతుంది.

మొదటిది తుప్పు. ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజనూ నీరూ రెండూ కావాలి. నీరంటే వాననీరే కానక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే చాలు, ఇనుము మీద కంటికి కనబడని నీటిపొర ఏర్పడుతుంది. ఆ పొర కింద ఒకచోట ఇనుము ఎలక్ట్రాన్లు వదిలి కరుగుతుంటే, పక్కనే ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. నీళ్లలో ఉప్పు ఉంటే ఈ కరెంటు మరింత సులువుగా పారుతుంది. మచిలీపట్నం, నాగాయలంక వైపు నుంచి వచ్చిన ఫ్రేముల్ని గోకి చూసినప్పుడు సముద్రపు గాలి చేసిన పని స్పష్టంగా కనబడుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా రెండింతల నుంచి ఆరింతల దాకా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రంగు బుడగలా లేచి పెచ్చులూడటానికీ, బోల్టు నట్టులో బిగుసుకుని తల తెగినా కదలకపోవడానికీ కారణం అదే.

ఇదే పని సిలిండరు లోపల జరిగితే ఇంజను పట్టేస్తుంది. బుల్లెట్టు లాంటి ఫోర్ స్ట్రోక్ ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక వాల్వు తెరిచి ఉండిపోవచ్చు. సైలెన్సర్ గుండానో కార్బొరేటర్ గుండానో తేమ గాలి నేరుగా బోరులోకి, అంటే సిలిండరు లోపలి గొట్టంలోకి, వస్తుంది. పోత ఇనుము సిలిండరు, ఇనుప రింగులు, మధ్యలో ఎప్పుడో ఎండిపోయిన ఆయిలు పొర. రింగులు ఆగిన చోటే తుప్పు గీత పడుతుంది. ఆ స్థితిలో బలంగా కిక్కు కొడితే రింగు విరుగుతుంది, బోరు గీసుకుపోతుంది. మునిగిన బండి అయితే ఇంకా ప్రమాదం. గాలిని నొక్కితే కుదించుకుపోతుంది, నీళ్లు కుదించుకుపోవు. పిస్టన్ పైన నీళ్లుండగా కిక్కు కొడితే ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్డు మీద పడి అది వంగుతుంది. అందుకే అనుభవమున్న మేస్త్రీ ఎవరైనా మొదట చెప్పే మాట ఇదే: "బాబూ, కిక్కు మీద కాలు పెట్టకు. ముందు ప్లగ్గు విప్పు."

ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో డీజిలూ ఇంజనాయిలూ కలిపి పోసి కొన్ని రోజులు వదిలేయాలి. ఆ పలచని మిశ్రమం రింగుకూ బోరుకూ మధ్య సందులోకి దానంతట అదే పాకుతుంది. వత్తిలోకి నూనె ఎక్కించే కేశనాళికా శక్తే దీన్నీ నడిపిస్తుంది. తర్వాత బండిని టాప్ గేరులో పెట్టి వెనక చక్రాన్ని చేత్తో ముందుకూ వెనక్కూ నెమ్మదిగా ఆడిస్తే చాలాసార్లు పిస్టన్ కదులుతుంది. ఇక్కడ కావలసింది ఓపిక. సుత్తి తీసినవాడు బోరును పోగొట్టుకుంటాడు.

పట్టు వదిలాక ఇంజను దించి విప్పుతారు. అక్కడ మెకానిక్‌కు తోడుండేది వేడి. అల్యూమినియం వేడికి ఉక్కు కన్నా దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది. క్రాంక్ కేసు అల్యూమినియం, అందులోని బేరింగు ఉక్కు. కేసును 100 డిగ్రీల పైకి సమంగా వేడి చేస్తే బేరింగు గూడు పెద్దదై, బేరింగు దానంతట అదే జారి కింద పడుతుంది. కొత్త బేరింగును ఫ్రిజ్జులో పెట్టి, వేడి కేసులో జారవిడిస్తే దెబ్బ కొట్టకుండానే కూర్చుంటుంది. ఆటోనగర్‌లో ఈ పని చేసేవాళ్లలో ఎందరో భౌతికశాస్త్రం పుస్తకం తెరిచి ఉండరు. కానీ ఆ సూత్రం వాళ్ల చేతుల్లో ఉంది.

ఇదే వ్యాకోచం బోరు కొలతనూ నిర్ణయిస్తుంది. పాత 350 బుల్లెట్టు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90 మిల్లీమీటర్లు, ఘనపరిమాణం 346 సీసీ. 70 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ 200 డిగ్రీలు వేడెక్కితే పావు మిల్లీమీటరుకు పైగా పెరుగుతుంది. చుట్టూ ఉన్న పోత ఇనుము సిలిండరు అంత వేడెక్కదు, అంత పెరగదు. చల్లగా ఉన్నప్పుడు రెంటి మధ్య ఖాళీ సరిగ్గా వదలకపోతే, ఎండాకాలంలో హైవే మీద పిస్టన్ పట్టేసి వెనక చక్రం బిగుసుకుంటుంది. ఎక్కువ వదిలితే పిస్టన్ లోపల కొట్టుకుని టకటకమంటుంది. బోరు చేశాక లోపల అడ్డదిడ్డంగా సన్నని గీతలు పెట్టడాన్ని హోనింగ్ అంటారు. అద్దంలా మెరిసే బోరు చూడ్డానికి బాగుంటుంది కానీ దాని మీద ఆయిలు నిలవదు. ఆ గీతల్లో నిలిచే ఆయిలే రింగును కాపాడుతుంది.

జావా, ఎజ్డీ, రాజ్‌దూత్, యమహా ఆర్‌ఎక్స్ 100 లాంటి టూ స్ట్రోక్ బండ్ల సంగతి వేరు. వీటిలో క్రాంక్ కేసు ఒక పంపు. పిస్టన్ పైకి వెళ్లేటప్పుడు పెట్రోలు, గాలి మిశ్రమాన్ని క్రాంక్ కేసులోకి పీలుస్తుంది, కిందికి వచ్చేటప్పుడు దాన్ని పైకి నెడుతుంది. కాబట్టి క్రాంకు రెండు కొసల్లోని రబ్బరు ఆయిలు సీళ్లు గాలి చొరబడకుండా ఉండాలి. బండి ఏళ్లు ఆగితే రబ్బరు గట్టిపడి పగుళ్లిస్తుంది. ఇంజను స్టార్టవుతుంది, బాగానే ఉందనిపిస్తుంది. కానీ సీలు సందుల్లోంచి అదనపు గాలి చేరి మిశ్రమం పలచనవుతుంది. పలచని మిశ్రమం ఇంజన్ని ఎక్కువ వేడెక్కిస్తుంది, పైగా అందులో ఆయిలు కూడా తక్కువే. పది కిలోమీటర్లు పోయాక ఇంజను జామ్ అవుతుంది. పది రూపాయల వస్తువు మార్చనందుకు పదివేల పిస్టన్ పని పడుతుంది.

ట్యాంకు దగ్గరికి వద్దాం. సగం ఖాళీగా ఉన్న ట్యాంకు పగలు వేడికి గాలిని వదులుతుంది, రాత్రి చల్లబడి తేమ గాలిని పీలుస్తుంది. ఆ తేమ నీటిబొట్లుగా మారి అడుగుకు చేరుతుంది. అందుకే తుప్పు తొలిచిన రంధ్రాలు ట్యాంకు కింది భాగంలోనే కనబడతాయి. తుప్పు వదిలించడానికి చాలామంది యాసిడ్ పోస్తారు. అది తుప్పుతో పాటు మంచి ఇనుమునూ తింటుంది. స్ప్రింగులూ, గట్టి ఉక్కు బోల్టులూ యాసిడ్‌లో వేస్తే మరీ తప్పు. ఆ చర్యలో పుట్టే హైడ్రోజన్ ఉక్కులోకి దూరి దాన్ని పెళుసు చేస్తుంది, తర్వాతెప్పుడో నడుస్తుండగా పుటుక్కున విరుగుతుంది.

ఇంతకన్నా మేలైన పద్ధతి విద్యుద్విశ్లేషణ. ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి చాకలి సోడా కలపాలి. తుప్పు పట్టిన ఇనుప భాగాన్ని 12 వోల్టుల చార్జర్ నెగిటివ్‌కూ, పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కూ కలిపి, రెండూ తగలకుండా ముంచాలి. ఎర్రతుప్పు రాత్రికి రాత్రి నల్లటి పొడిగా మారి, బ్రష్షుతో రుద్దితే పోతుంది. అడుగున ఉన్న ఇనుము, దాని మీద కంపెనీ కొట్టిన నంబర్లు చెక్కుచెదరవు. ఈ పనికి మూడు జాగ్రత్తలు తప్పవు. బుడగలుగా వచ్చేది హైడ్రోజన్, కాబట్టి ఆరుబయటే చేయాలి. పాజిటివ్‌కు స్టెయిన్‌లెస్ స్టీలు ఎప్పుడూ కట్టకూడదు, అందులోని క్రోమియం విషపూరితమైన రూపంలో నీళ్లలోకి దిగుతుంది. అల్యూమినియం భాగాలు ఇందులో వేస్తే సోడా వాటిని తినేస్తుంది.

ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు పాత బండికి కొత్త పరీక్ష పెట్టింది. ఇథనాల్ బరువులో దాదాపు 35 శాతం ఆక్సిజనే. మామూలు పెట్రోలు ఒక పాలు పూర్తిగా మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి. ఈ కొత్త పెట్రోలుకు సుమారు 13.5 పాళ్లు చాలు. కొత్త బండ్లలో సెన్సార్లు చూసుకుని ఇంధనం పెంచుతాయి. పాత కార్బొరేటర్‌లో జెట్టు రంధ్రం మారదు, కాబట్టి మిశ్రమం ఏడెనిమిది శాతం పలచనవుతుంది. ప్లగ్గు తీసి చూస్తే లేత ఇటుకరంగు ఉండాల్సింది తెల్లబడి కనిపిస్తుంది. మెయిన్ జెట్టు ఒకటి రెండు సైజులు పెంచితే ఈ చిక్కు తీరుతుంది. పాత రబ్బరు పైపుల్ని, సీళ్లను ఇథనాల్‌కు తట్టుకునే వైటాన్ రబ్బరుతో మార్చుకోవాలి. అంతకన్నా పెద్ద సమస్య నీరు. ఇథనాల్ తేమను పీలుస్తుంది. పీల్చిన నీరు మోతాదు మించితే నీరూ ఇథనాలూ కలిసి పెట్రోలు నుంచి విడిపోయి ట్యాంకు అడుగున, సరిగ్గా ట్యాపు దగ్గర చేరతాయి. నెల రోజులు బండి తీయనని తెలిస్తే ట్యాంకు, కార్బొరేటర్ రెండూ ఖాళీ చేసి పెట్టడం మంచిది.

క్రోమియం మెరుపు గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రెస్టోరేషన్‌లో డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే. మెరిసే పూతలో పైన పలచని క్రోమియం, దాని కింద నికెల్ ఉంటాయి. పూతకు ఎక్కడైనా గీత పడి ఇనుము బయటపడితే, నికెల్ తాను నిలబడి ఇనుమునే ముందు కరిగిస్తుంది. జింకు పూత అందుకు తలకిందులు. గీత పడినచోట జింకు తాను కరిగి ఇనుమును కాపాడుతుంది. ఎగ్జిబిషన్‌లో నిలబెట్టే బండికి క్రోమియం స్పోకులు సరే. అవనిగడ్డ దాకా నడిపే బండికి జింకు పూసిన స్పోకులే మేలని నా నమ్మకం.

ఈ బండ్లలో జనం ఎక్కువగా ప్రేమించేది చప్పుడు. దానికీ లెక్క ఉంది. బుల్లెట్టు నిమిషానికి వెయ్యి చుట్లు తిరుగుతూ ఊరికే నిలబడి ఉంటే, రెండు చుట్లకొకసారి పేలుడు. అంటే సెకనుకు సుమారు ఎనిమిది. మన చెవి ఒక్కో దెబ్బనూ విడివిడిగా పట్టుకోగలదు, అందుకే అది డుగ్ డుగ్‌మని వినిపిస్తుంది. ఆర్‌ఎక్స్ 100 ప్రతి చుట్టుకూ పేలుతుంది. పూర్తి శక్తినిచ్చే 7,500 చుట్ల దగ్గర సెకనుకు 125 పేలుళ్లు. సెకనుకు ఇరవై దాటితే చెవికి దెబ్బలు విడిగా తెలియవు, ఒకే స్వరంగా వినిపిస్తాయి. నూరు కిలోల పైచిలుకు బరువున్న ఆ బండికి 98 సీసీల నుంచి 11 గుర్రాల శక్తి రావడంలో సైలెన్సర్ పాత్ర పెద్దది. పేలుడుతో బయల్దేరిన ఒత్తిడి తరంగం సైలెన్సర్ చివరి శంకువుకు తగిలి వెనక్కి వచ్చి, బయటికి జారిపోతున్న తాజా మిశ్రమాన్ని మళ్లీ సిలిండరులోకి తోస్తుంది. చప్పుడు కోసం ఆ గొట్టాన్ని కోసి, లోపలి భాగాలు పీకేసే కుర్రాళ్లు తమ బండి వేగాన్ని తామే తగ్గించుకుంటున్నారు.

మద్రాసు దగ్గర తిరువొత్తియూరులో 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా ఆ పోత ఇనుము బుల్లెట్టు ఇంజన్ని అర్ధశతాబ్దం పైగా దాదాపు అదే రూపంలో చేసింది. మైసూరులో 1960ల మొదట్లో ఉత్పత్తి మొదలుపెట్టిన ఐడియల్ జావా 1996లో మూతపడింది. ఆర్‌ఎక్స్ 100 1985లో వచ్చి 1996లో ఆగింది. ఏళ్ల తరబడి మార్పు లేకుండా తయారైనందువల్లే వీటి భాగాలు ఒకదానికొకటి సరిపోతాయి. లేత్ మిషన్లు, స్ప్రింగులు, బాడీ బిల్డింగు, వెల్డింగు అన్నీ ఒక్కచోట ఉన్న జవహర్ ఆటోనగర్ విజయవాడలో ఉండటం మన అదృష్టం. లారీల కోసం పుట్టిన ఆ నైపుణ్యం ఈ పాత బండ్లనూ బతికిస్తోంది.

బాగైన బండిని నడపాలి, అదీ దూరం నడపాలి. ఇది సరదా కోసం చెప్పే మాట కాదు. లీటరు పెట్రోలు మండితే ఆవిరి రూపంలో దాదాపు లీటరు నీరు పుడుతుంది. ఊళ్లోనే బెంజి సర్కిల్ దాకా వెళ్లి వచ్చే బండిలో ఆ ఆవిరి చల్లబడి సైలెన్సర్‌లో నీళ్లుగా నిలుస్తుంది, కొంత రింగుల పక్కనుంచి జారి ఆయిల్లో కలుస్తుంది. సైలెన్సర్లు లోపలి నుంచి చిల్లులు పడటం, ఆయిలు పాలరంగుకు తిరగడం దీనివల్లే. ఇంజను పూర్తిగా వేడెక్కి కొంతసేపు అలాగే ఉంటేనే ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. విజయవాడ నుంచి కరకట్ట మీదుగానో, ఉయ్యూరు, పామర్రు, కూచిపూడి, చల్లపల్లి మీదుగానో అవనిగడ్డ దాకా దాదాపు 70 కిలోమీటర్లు. నిలకడగా యాభై వేగంతో వెళ్తే పాత బుల్లెట్టుకు అంతకన్నా మంచి వైద్యం లేదు. అక్కణ్నుంచి హంసలదీవి, పాలకాయతిప్ప దాకా వెళ్తే మాత్రం ఇంటికి రాగానే మంచినీళ్లతో బండి కడగాలి. గుడ్డతో తుడిస్తే ఉప్పు పోదు.

డెల్టాలో సరిచేసిన కార్బొరేటర్‌తో అరకు ఎక్కితే ఇంకో పాఠం. తొమ్మిది వందల మీటర్ల ఎత్తున గాలి దాదాపు పది శాతం పలచన. జెట్టు అదే, గాలి తక్కువ, కాబట్టి మిశ్రమం చిక్కనై ప్లగ్గు నల్లబడుతుంది, ఘాట్ రోడ్డులో బండి నీరసిస్తుంది. బండి చెడిందని కంగారుపడి విప్పనక్కర్లేదు. కిందికి దిగితే అదే సర్దుకుంటుంది.

ఇక కస్టమ్ బండ్లు. 1950, 60ల్లో లండన్ ఏస్ కేఫ్ చుట్టూ తిరిగిన కుర్రాళ్ల కేఫ్ రేసర్లు, అమెరికాలో ముందు ఫోర్కు పొడుగ్గా సాచిన చాపర్లు ఈ మోజుకు మూలం. ఇప్పుడు హైదరాబాదులో ఐమోర్ కస్టమ్స్ లాంటి వర్క్‌షాపులు రాయల్ ఎన్‌ఫీల్డ్ బండ్లను కొత్త రూపాల్లో మలుస్తున్నాయి. మంచి కస్టమ్ పని ఒక కళ అని మనస్ఫూర్తిగా ఒప్పుకుంటాను. కానీ ట్యాంకు, సీటు, రంగు మార్చడం ఒకటి, ఫోర్కు వాలు మార్చడం మరొకటి.

స్టీరింగు ఇరుసు గీతను నేలదాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కాస్త ముందు పడుతుంది. ఆ దూరమే ట్రెయిల్. ఆఫీసు కుర్చీ కింది చక్రం కుర్చీని ఎటు లాగితే అటు తిరిగి వెనక నిలబడినట్టు, ట్రెయిల్ ఉన్నందువల్లే ముందు చక్రం తనను తాను నిటారుగా సరిచేసుకుంటుంది. చక్రం వ్యాసార్ధం 32 సెంటీమీటర్లు, స్టీరింగు ఇరుసు గీతకు చక్రం ఇరుసు ముందుండే దూరం, అంటే ఫోర్కు ఆఫ్‌సెట్, 6 సెంటీమీటర్లు అనుకుందాం. నిలువు నుంచి ఫోర్కు వాలు 27 డిగ్రీలైతే ట్రెయిల్ 9.6 సెంటీమీటర్లు. ఆఫ్‌సెట్ మార్చకుండా వాలును 40 డిగ్రీలు చేస్తే అది 19 సెంటీమీటర్లవుతుంది, రెండింతలు. అలాంటి బండి తిన్నని హైవే మీద హాయిగా పోతుంది. కాలువ గట్టు మీద మలుపు తిరిగేటప్పుడు, గేదెలు అడ్డొచ్చి నెమ్మదించినప్పుడు మాత్రం హ్యాండిలు ఒక పక్కకు పడిపోతుంది.

ఫ్రేము కోసి అతికించడం అంతకన్నా పెద్ద సాహసం. వెల్డింగు పడిన గీత కన్నా దాని పక్కన, వేడికి గుణం మారిన ఉక్కే బలహీనం. ఒకే సిలిండరున్న బుల్లెట్టు 3,000 చుట్ల దగ్గర గంటకు 1,80,000 సార్లు ఫ్రేమును కుదుపుతుంది. ప్రతి కుదుపూ ఆ బలహీనమైన చోట కంటికి కనబడని పగులును కాస్తంత పెంచుతుంది. పెయింటు కింద అది ఎవరికీ తెలియదు.

చట్టం కూడా ఈ వైపే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు భిన్నంగా బండి స్వరూపాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అసలు రూపాన్ని కాపాడినవాళ్లకు మాత్రం 2021 జూలైలో కేంద్రం ఒక దారి తెరిచింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, పెద్ద మార్పులు లేని బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి రుసుము 20,000 రూపాయలు, ఆ రిజిస్ట్రేషన్ పదేళ్లు చెల్లుతుంది. ఆ బండిని రోజువారీ పనులకు తిప్పకూడదు. ప్రదర్శనలకూ, వింటేజ్ ర్యాలీలకూ తీసుకెళ్లవచ్చు. అంటే 1970ల మొదట్లో మన ఊళ్లకు వచ్చిన జావాలు, బుల్లెట్లు, రాజ్‌దూత్‌లు ఇప్పుడు ఒక్కొక్కటిగా ఆ అర్హత సంపాదించుకుంటున్నాయి.

మీ ఇంట్లో, అమ్మమ్మగారి ఊళ్లో, వడ్ల బస్తాల వెనక తాతగారి బండి ఏదైనా నిలబడి ఉంటే ఈ ఆదివారం ఒకసారి వెళ్లి చూడండి. ప్లగ్గు విప్పి ఆయిలు పోయండి, ట్యాంకులోని పాత పెట్రోలు తీసేయండి, టైర్లు నేలకు ఆనకుండా ఇటుకల మీదికి ఎత్తండి. బీరువాలో ఆర్‌సీ పుస్తకం వెతికి, ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు దానితో సరిపోతున్నాయో లేదో చూసుకోండి. బాగుచేయించే తీరిక ఇప్పుడు లేకపోయినా ఫరవాలేదు. పాత ఇనుము కొనేవాడికి కిలోల లెక్కన తూకానికి మాత్రం వేయకండి.